సూక్తి, ఊరట, వివేకం

‘సూక్తి’ అన్న మాటను విడదీస్తే ‘సు’, ‘ఉక్తి’ అని రెండు భాగాలు వస్తాయి. బాగుగా చెప్పబడినది అని అర్థం. ‘సుభాషితం’ అన్నా అదే భావం. మన పూర్వులు ఈ చిన్న వాక్యాలకు శాసనమనో సిద్ధాంతమనో పేరు పెట్టలేదు. బాగుగా చెప్పబడిన మాట అని మాత్రమే అన్నారు. ఆ పేరులోనే ఒక ప్రశ్న దాగి ఉన్నది. ఒక మాట బాగుగా చెప్పబడినదని ఎప్పుడు అనవచ్చు? పదాల పొందిక కుదిరినప్పుడా? విన్నవాని మనస్సు కుదుటపడినప్పుడా? లేక విన్న తరువాత అతని నడత మారినప్పుడా? ఈ మూడూ ఎల్లప్పుడూ కలిసి ఉండేవే అయితే చిక్కు లేదు. కాని లోకంలో ఇవి విడివిడిగానే ఎక్కువగా కనిపిస్తాయి.

సూక్తులు మన జీవితంలో ఎంతగా అల్లుకొని ఉన్నవో వేరుగా చెప్పనక్కరలేదు. ఉత్తర భారతంలో అక్షరజ్ఞానం లేని రైతు సైతం కబీరు, రహీము, తులసీదాసుల దోహాలలో ఒకటి రెండింటినైనా సమయానికి తగినట్లు అందుకోగలడు. తెలుగు పల్లెలో ఆ పని వేమన పద్యాలు, సుమతీ శతకం చేస్తూ వచ్చినవి. తమిళనాట తిరుక్కురళ్‌లోని 133 అధికారాలలో, 1330 ద్విపదలలో ఏదో ఒకటి ప్రభుత్వ బస్సులో ప్రయాణికుని కంటికి ఎదురుగా రాసి ఉంటుంది. బడిలో నల్లబల్ల పై అంచున, క్యాలెండరు కాగితం అడుగున, లారీ వెనుక చెక్క మీద, ఇప్పుడు తెల్లవారగానే చేతిలోని ఫోనులో, ఎక్కడ చూచినా ఒక మంచి మాట మనిషిని పలకరిస్తూనే ఉన్నది. ఇంత సులభంగా దొరికే వస్తువు పలుచనైపోవడం సహజమే. చదువుకొన్నవారు సూక్తి అనగానే చిరునవ్వు నవ్వడానికి కారణం అదే. అయినా కష్టం వచ్చిన రాత్రి ఆ చదువుకొన్నవారు కూడా వెదుకుకొనేది పెద్ద గ్రంథాన్ని కాదు. ఎప్పుడో ఎవరి నోటనో విన్న ఆ రెండు పాదాలనే.

అప్పుడు ఆ రెండు పాదాలు అతనికి ఏమి ఇస్తున్నవి? అతడు అంతకు ముందు ఎరుగని సత్యమేదైనా తెలుసుకొంటున్నాడా? లేక ఏడ్చే బిడ్డ జోలపాటతో నిద్రపోయినట్లు, మాటల లయకు లొంగి నొప్పిని మరచిపోతున్నాడా? మరచిపోవడమే అయితే అట్టి ఊరటను మంచిదనవచ్చునా? ఇది పండితుల వినోదం కోసం వేసుకొనే ప్రశ్న కాదు. కొడుకు పోయిన తల్లి, పంట పోయిన రైతు, కొలువు పోయిన ఇంటి యజమాని, వీరి ముందు కూర్చొని ఏదో ఒకటి చెప్పవలసిన స్థితి ప్రతి మనిషికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఏమి చెప్పాలి, అసలు చెప్పవచ్చునా అన్నది అప్పుడు తేల్చుకోక తప్పదు.

సూక్తుల మీద సామాన్యంగా వచ్చే మొదటి ఆక్షేపణ అవి ఒకదానిని ఒకటి ఖండిస్తాయని. నిదానమే ప్రధానమని ఒక సామెత అంటుంది; ఆలస్యం అమృతం విషమని మరొకటి హెచ్చరిస్తుంది. కష్టే ఫలి అని పొద్దున చెప్పిన నోరే రాసిపెట్టి ఉన్నదే జరుగుతుందని సాయంత్రం చెబుతుంది. స్నేహితుణ్ణి నమ్మమనే నీతి ఉన్నది, ఎవరినీ నమ్మవద్దనే నీతీ ఉన్నది. రెండూ సత్యమెట్లా అవుతాయని తర్కం తెలిసినవారు అడుగుతారు.

ఈ ప్రశ్నకు సమాధానం ఊరి వైద్యుని సంచిలో దొరుకుతుంది. అందులో విరేచనానికి మందు ఉంటుంది, విరేచనాలు కట్టడానికీ మందు ఉంటుంది. ఈ రెండూ పరస్పర విరుద్ధాలని ఆ సంచిని ఎవరూ పారవేయరు. ఏ మందు ఎప్పుడన్నది రోగి నాడిని బట్టి తేలుతుంది. సూక్తులు కూడా ఆ విధంగా నాడి చూచి ఇవ్వవలసినవే. గణితసూత్రం అన్ని కాలాలకూ ఒకటే. సూక్తి ఒక సమయానికి పుట్టినది, మరొక సమయం కోసం వేచి ఉంటుంది. అందువల్ల సూక్తిలో ఉన్నది సగం వివేకమే. రెండవ సగం దానిని ఎన్నుకొనేవాని దగ్గర ఉండాలి. తొందరపాటు స్వభావం గలవాడు నిదానాన్ని గురించిన మాటను, బద్ధకస్తుడు ఆలస్యాన్ని గురించిన మాటను ఎన్నుకొంటే అవి రెండూ మందులే. కాని మనుషులు సాధారణంగా చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. బద్ధకస్తుడు నిదానమే ప్రధానమని ఆవులిస్తాడు. తొందరపడేవాడు ఆలస్యం విషమని పరుగెత్తుతాడు. ఎవరి జబ్బును పెంచే మందును వారు ఇష్టంగా తింటారు. సూక్తి వల్ల వచ్చే కీడు ఇక్కడ మొదలవుతుంది.

దీనికి మహాభారతంలో ఒక గొప్ప నిదర్శనం ఉన్నది. ఉద్యోగపర్వంలో సంజయుడు పాండవుల వద్ద నుండి తిరిగివచ్చి, ధృతరాష్ట్రుణ్ణి నిందించి, వారి సందేశం మరునాడు సభలో చెబుతానని ఇంటికి పోయినాడు. రాజుకు నిద్ర పట్టలేదు. విదురుని పిలిపించినాడు. ఆ రాత్రి విదురుడు చెప్పిన మాటలు సంస్కృత భారతంలో 33వ అధ్యాయం మొదలు 40వ అధ్యాయం వరకు ఉన్నవి. విదురనీతి అని లోకం చెప్పుకొనేది వాటినే. విదురుడు మొదట ఒక ప్రశ్న వేసినాడు. నిద్ర పట్టనివారు ఎవరెవరో లెక్కపెట్టి, పరుల సొమ్ముపై ఆశ వంటి దోషమేదీ నిన్ను అంటలేదు గదా అని అడిగినాడు. ఆ ఒక్క ప్రశ్నలోనే జబ్బూ మందూ రెండూ ఉన్నవి. రాజు దానికి జవాబు చెప్పక, మంచి మాటలు చెప్పమన్నాడు. విదురుడు చెప్పినాడు. ఎంత విన్నా తనివి తీరడం లేదు, ఇంకా చెప్పమన్నాడు. విదురుడు ఇంకా చెప్పినాడు. చివరకు రాజు అన్నదేమిటి? నీవు చెప్పినదంతా నిజమే, నా బుద్ధి కూడా పాండవుల వైపే మొగ్గుతున్నది, కాని దుర్యోధనుడు ఎదుటపడగానే అది మళ్ళీ తిరిగిపోతుందన్నాడు. ఆపైన విధిని దాటడం ఎవరి తరమూ కాదని తానే ఒక సూక్తి పలికినాడు.

ఆ రాత్రి ధృతరాష్ట్రుడు సూక్తులను తిరస్కరించలేదని గమనించాలి. వాటిని ఆస్వాదించినాడు. ధర్మాన్ని గురించి వింటున్నంతసేపు తాను ధర్మం వైపే ఉన్నట్లు అతనికి అనిపించినది. ఆ అనుభూతి నిజమైన పశ్చాత్తాపానికి బదులుగా సరిపోయినది. పొద్దున లేచి చేయవలసిన పని ఒకటే, కొడుకుకు అడ్డు చెప్పడం. ఆ పనికి బదులు రాత్రంతా నీతి విన్న తృప్తి మిగిలినది. దైవం మీద భారం వేసే చివరి మాటతో ఆ తృప్తి కూడా పూర్తి అయినది. కష్టంలో ఉన్నవాడు తనను తాను ఓదార్చుకోవడానికి పనికివచ్చే మాటను, తప్పు చేస్తున్నవాడు తప్పించుకోవడానికి వాడుకొన్నాడు.

కథ అక్కడ ఆగలేదు. యుద్ధం ముగిసినది. నూరుగురు కొడుకులూ పోయినారు. స్త్రీపర్వంలో మళ్ళీ అదే విదురుడు అదే రాజు ముందు కూర్చున్నాడు. ఘోరారణ్యంలో నూతిలో పడి తీగలకు చిక్కుకొని తలక్రిందుగా వ్రేలాడుతూ, క్రింద పాము, పైన ఏనుగు ఉండగా, చెట్టు వేళ్ళను ఎలుకలు కొరుకుతూ ఉండగా, తేనెపట్టు నుండి రాలే చుక్కలకు నాలుక చాచిన మనిషి కథ విదురుడు అప్పుడు చెప్పినదే. ప్రపంచ వాఙ్మయంలో దుఃఖాన్ని గురించిన ఇంతటి రూపకం అరుదు. వ్యాసుడు కూడా వచ్చి ఓదార్చినాడు. ఇన్ని ఊరటలు విన్న తరువాతనే, భీముడు నమస్కరింప వచ్చిన వేళ కృష్ణుడు ముందుకు తోసిన ఇనుప విగ్రహాన్ని ఆ వృద్ధరాజు కౌగిలిలో నలిపి పొడి చేసినాడు. లోపలి పగను ఏ సూక్తీ తాకలేదు. ఒకే నోటి నుండి, ఒకే చెవికి, యుద్ధానికి ముందు నీతిగా, యుద్ధం తరువాత ఊరటగా అందిన మాటలు రెండూ వ్యర్థమైపోయినవి. ముందు వచ్చిన నీతిని ఆచరించనివానికి తరువాత వచ్చే ఊరట కూడా అంటదని మహాభారతం చెప్పకనే చెబుతున్నది.

దీని నుండి సూక్తులన్నీ నిష్ప్రయోజనమని తేల్చడం తొందరపాటు అవుతుంది. అదే దుఃఖాన్ని మరొకరు మరొక విధంగా ఓదార్చిన కథ బౌద్ధ వాఙ్మయంలో ఉన్నది. శ్రావస్తిలో కిసాగోతమి అనే స్త్రీకి ఒక్కడే బిడ్డ, వాడు చనిపోయినాడు. ఆమె ఆ శవాన్ని చంకన వేసుకొని ఇల్లిల్లూ తిరిగి మందు అడిగినది. చివరకు బుద్ధుని దగ్గరకు వచ్చినది. ధమ్మపదంలో 423 గాథలు బుద్ధుని పేర ఉన్నవి. పుట్టుట గిట్టుట కొరకే అన్న అర్థం వచ్చే మాట ఒకటి ఆమెకు చెప్పడం ఆయనకు కష్టం కాదు. ఆయన అట్టి మాట చెప్పలేదు. చావు ఎరుగని ఇంటి నుండి చారెడు ఆవాలు తెమ్మన్నాడు. ఆవాలు ప్రతి ఇంటా ఉన్నవి. చావు లేని ఇల్లే కనబడలేదు. ఒక ఇంట తండ్రి, ఒక ఇంట భర్త, ఒక ఇంట తనకు వలెనే చిన్న బిడ్డ. తిరిగి తిరిగి ఆమె బిడ్డను శ్మశానంలో దించి వచ్చినది. ఆ తరువాతనే బుద్ధుడు ధర్మం చెప్పినాడు. ఆమె భిక్షుణి అయినది. ఆమె పలికినవిగా చెప్పే గాథలు థేరీగాథలలో నేటికీ ఉన్నవి.

మరణం అందరికీ ఉన్నదన్న మాట కిసాగోతమికి అంతకు ముందు తెలియనిదా? ఆమెకు ఎదురైన ప్రతివారూ ఆ మాట చెప్పే ఉంటారు. కాని అది అప్పుడు ఆమె చేతిలోని బిడ్డను లాక్కొనే మాట. గడప గడపనా నిలబడి, ఇంటి ఇంటి ఇల్లాలి ముఖం చూచి వచ్చిన తరువాత అదే మాట ఆమెను ఇతరులతో కలిపినది. వాక్యం మారలేదు. ఆమె నడిచిన వీధులు దానికి అర్థం ఇచ్చినవి. అందుచేత సూక్తి సత్యమా అని అడగడం చాలదు; వినేవారు దాని వరకు నడిచి వచ్చినారా అని కూడా చూడాలి. నడవకముందే అందించిన సత్యం పుండు మీద కారమవుతుంది.

వినేవారిని గురించిన మాట ఇది. చెప్పేవారిని గురించి చూడవలసినది మరొకటి ఉన్నది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని తెలుగు సామెత. సుఖంగా కూర్చున్నవాడు కష్టంలో ఉన్నవానికి సహనం బోధిస్తే ఆ మాట ఎంత అందమైనదైనా రుచించదు. అదే మాట కష్టాన్ని చవిచూచినవాని నోట వచ్చినప్పుడు బరువు మారుతుంది. హిందీ ప్రాంతంలో రహీము దోహాలకు ఉన్న గౌరవంలో ఈ బరువుకు చాలా భాగం ఉన్నది.

అబ్దుర్ రహీం ఖాన్‌ఖానా 1556లో పుట్టినాడు. తండ్రి బైరాం ఖాను అక్బరు బాల్యంలో రాజ్యభారం మోసినవాడు. 1561లో గుజరాతులోని పాటణ దగ్గర ఆ తండ్రి హత్య చేయబడే నాటికి రహీముకు నాలుగేళ్ళు. అక్బరు అతనిని దగ్గరకు తీసి పెంచినాడు. పెరిగి పెద్దవాడై సేనాధిపతి అయినాడు. గుజరాతులో, సింధులో గెలిచినాడు. 1597లో గోదావరి తీరాన బీజాపురం, అహమ్మదునగరం, గోలకొండల సేనలను ఎదుర్కొని జయించినాడు. బాబరు తుర్కీలో రాసుకొన్న స్వీయచరిత్రను పారసీకంలోకి అనువదించి 1589లో అక్బరుకు సమర్పించినాడు. సంస్కృతం, పారసీకం, వ్రజభాష అతనికి సమానంగా వశమైనవి. కవులకు అతడిచ్చిన దానాలు కథలుగా మిగిలినవి. దానం చేసేటప్పుడు చేయి పైకి లేచేకొద్దీ అతని చూపు నేలకు వాలేదట. ఎందుకని అడిగితే, ఇచ్చేవాడు వేరొకడుండగా జనం నన్ను దాతగా భ్రమపడుతున్నారని సిగ్గుపడుతున్నానన్నాడట. ఈ కథ జరిగినదో లేదో గాని, జనం అతనిని గురించి ఇట్టి కథనే చెప్పుకోదలచినారన్నది నిజం.

జహంగీరు కాలంలో ఆ వైభవం కూలినది. కుమారులు ఒక్కొక్కరే అతని ఎదుటనే పోయినారు. యువరాజు ఖుర్రం తిరుగుబాటులో చిక్కుకొని రహీము చెర అనుభవించినాడు. కుమారుడు దారాబ్ ఖాను చక్రవర్తి ఆజ్ఞచేత వధింపబడగా ఆ శిరస్సును తండ్రి వద్దకు పంపినారు. చివరి రోజులలో పదవి తిరిగి వచ్చినది గాని పోయినవారు రాలేదు. 1627లో అతడు మరణించినాడు. ఢిల్లీలో నిజాముద్దీను సమీపాన భార్య కోసం 1598లో తాను కట్టించిన సమాధిలోనే అతనిని ఉంచినారు. పద్ధెనిమిదవ శతాబ్దంలో సఫ్దర్‌జంగు సమాధి కోసం ఆ కట్టడపు చలువరాళ్ళను ఊడదీసుకొనిపోయినారు. ఎన్నో ఏళ్ళు మొండిగా నిలిచిన ఆ గుమ్మటానికి జీర్ణోద్ధారం 2020లో పూర్తి అయినది.

ఆపద వచ్చినప్పుడే ఎవరు తనవారో తెలుస్తుందనీ, మనసులోని నొప్పిని నలుగురిలో పరచితే నవ్వేవారే గాని పంచుకొనేవారు ఉండరనీ రహీము పేర చెప్పుకొనే భావాలు కొత్తవి కావు. ఏ నీతిగ్రంథంలోనైనా ఇట్టివి దొరుకుతాయి. కాని వాటిని పలికినవాడు రాజసభలో పైమెట్టు మీద నిలబడి, అక్కడ నుండి పడి, మళ్ళీ లేచినవాడని తెలిసిన చదువరికి ఆ పాదాలలో ఒక మనిషి ఊపిరి వినిపిస్తుంది. కష్టం వచ్చినవాడు ఆ దోహాను నెమరు వేసుకొన్నప్పుడు అతనికి దొరికేది పరిష్కారం కాదు. ఈ దారిన ఇంతకు ముందు మరొకడు నడిచినాడన్న ఎరుక. దుఃఖంలో మనిషిని మొదట కృంగదీసేది తాను ఒంటరినన్న తలపు. దానిని తొలగించడం చిన్న మేలు కాదు. అందులో అబద్ధమూ లేదు. నీ కష్టం తీరిపోతుందని ఆ దోహా మాట ఇవ్వదు. నీవు మొదటివాడివి కావని మాత్రమే చెబుతుంది. మొదటి మాట అబద్ధం కావచ్చు, రెండవది ఎన్నడూ కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. రహీము పేర చెప్పే దోహాలన్నీ రహీమువేనా అని పరిశోధకులు ప్రశ్నిస్తారు. ఒకే దోహా ఒకచోట కబీరుదిగా, మరొకచోట మరొకరిదిగా వినిపిస్తుంది. వేమన పేర ఎన్ని పద్యాలున్నవో నిశ్చయంగా లెక్క తేల్చినవారు లేరు. 1829లో బ్రౌను దొర అచ్చు వేసినవి 693. భర్తృహరి సంగతీ అంతే. ధర్మానంద కోసంబి కుమారుడు, గణితశాస్త్రవేత్త దామోదర ధర్మానంద కోసంబి వందలాది వ్రాతప్రతులను పోల్చి 1948లో భర్తృహరి సుభాషితాలకు పరిశుద్ధప్రతిని ప్రకటించినాడు. అన్ని పాఠాలలోనూ సమానంగా కనిపించేవి రెండు వందల శ్లోకాలు మాత్రమే అని తేలినది. తక్కినవి కాలక్రమాన వచ్చి చేరినవి. సూక్తికి తల్లిదండ్రులు త్వరగా దూరమవుతారు. పులికాటులో డచ్చివారి మతాచార్యుడుగా ఉండిన అబ్రహాం రోజరు, పద్మనాభుడనే బ్రాహ్మణుని సాయంతో భర్తృహరి నీతి, వైరాగ్య శతకాల సారాన్ని తన భాషలోకి తీసుకొన్నాడు. ఆ గ్రంథం 1651లో లైడెనులో అచ్చయినది. ఆ నగరంలో దానిని చదివినవారికి భర్తృహరి ఎవరో, ఏ రాణి వల్ల విరాగి అయినాడో తెలిసి ఉండదు. అయినా మాట వారి దగ్గరకు పోయినది.

చెప్పినవాని జీవితమే మాటకు బరువు ఇస్తుందంటే, చెప్పినవాడు ఎవరో తెలియని మాటకు బరువు ఎక్కడిది? ఆ మాటను ఈనాడు పలికే మనిషి దానికి బరువు ఇవ్వవలసి ఉంటుంది. సూక్తి తల్లి లేని బిడ్డ వంటిది; ఎత్తుకొన్నవారే దానికి తల్లి. పలికేవాడు దానిని తన మీద ప్రయోగించుకొని చూచినాడా, దాని వెల తాను ఏ కొంచెమైనా చెల్లించినాడా అన్నదే ప్రమాణం. సహనాన్ని బోధించే ముందు సహించినాడా? తృప్తిని బోధించే ముందు తన వాటాలో కొంత వదులుకొన్నాడా?

ఈ చివరి ప్రశ్న సూక్తుల మీద వచ్చే గట్టి ఆక్షేపణకు దారి తీస్తుంది. తృప్తి, సహనం, విధి, ఈ మూడింటిని గురించిన సూక్తులు మన భాషలన్నింటిలోనూ రాసులుగా ఉన్నవి. అవి ఎవరి నోట ఎవరి చెవిని పడుతూ వచ్చినవి? అప్పు తీసుకొన్న రైతుకు షావుకారు తృప్తిని గురించి చెప్పినాడు. కోడలికి అత్త ఓర్పును గురించి చెప్పినది. ఊరి వెలుపల నివసించేవారికి ఊరిలోనివారు కర్మను గురించి చెప్పినారు. మాట నిజమే కావచ్చు. అది పోయిన దిక్కు ఎప్పుడూ పై నుండి క్రిందికే. కోసంబి 1941లో రాసిన ఒక వ్యాసంలో భర్తృహరి వైరాగ్యాన్నే నిలదీసినాడు. ప్రభువు దయ మీద బతకవలసిన విద్యావంతుల అసంతృప్తి ఆ శ్లోకాలలో పలుకుతున్నదనీ, ఆ వైరాగ్యం లోకాన్ని మార్చే దారి చూపలేదనీ ఆయన వాదించినాడు. ఆ తీర్పు కఠినమైనదే. ఒక కవి వేదనను అతని వర్గపు వేదనగా మాత్రమే చూడడం అన్యాయమని వాదించవచ్చు. కాని అట్లా తప్పుపట్టినవాడే ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆ శ్లోకాల పాఠశుద్ధికి తన కాలాన్ని ధారపోసినాడన్నది ఆలోచింపదగిన విషయం. మాటను నిలదీయడమూ మాటను ప్రేమించడమూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

పై నుండి క్రిందికి దిగే సూక్తులే కాక, క్రింది నుండి పైకి లేచిన సూక్తులు కూడా ఈ దేశంలో ఉన్నవి. కబీరు మగ్గం నేసినవాడు. రవిదాసు చెప్పులు కుట్టినవాడు. 1604లో కూర్చబడిన ఆదిగ్రంథంలో చేరిన రవిదాసు పదాలలో ఒకటి దుఃఖం లేని, పన్నుల భయం లేని నగరాన్ని ఊహిస్తుంది. అదీ ఊరటే. కాని ఉన్నదానితో సరిపెట్టుకొమ్మనే ఊరట కాదు. ఉండవలసినదాన్ని మరువవద్దనే ఊరట. 1942లో నాగపురంలో జరిగిన నిమ్నవర్గాల మహాసభలో అంబేద్కరు తన జనానికి చివరి సలహాగా చదువు, ఆందోళన, సంఘటన అనే మూడింటిని చెప్పినాడు. ఆ మూడు మాటలు ఆ తరువాత సూక్తిగా మారి గోడల మీద, జెండాల మీద, బిడ్డల పలకల మీద నిలిచినవి. వాటిని రాసుకొన్నవారికి అవి ధైర్యాన్ని ఇచ్చినవి. చేయవలసిన పనినీ చూపినవి. ఊరట, వివేకం కలిసి ఉండడం సాధ్యమేనని ఈ నిదర్శనం చెబుతున్నది.

అయితే ప్రతి దుఃఖానికీ చేయదగిన పని ఉండదు. పోయిన బిడ్డ తిరిగి రాడు. గడిచిన యౌవనం మళ్ళదు. ఆందోళన వల్ల తీరే కష్టం ఒకటి, ఎవరూ తీర్చలేని కష్టం మరొకటి. మొదటిదానికి సహనాన్ని మందుగా ఇవ్వడం మోసం. రెండవదానికి సహనం తప్ప మరొక మందు లేదు. సూక్తి విషయంలో వివేకమంటే చాలవరకు ఈ రెండు కష్టాలను గుర్తుపట్టడమే. అప్పుల పత్రంలోని దొంగలెక్కను విధి అని పిలవకూడదు. వార్ధక్యాన్ని అన్యాయమని పోట్లాడకూడదు. ధృతరాష్ట్రుడు చేసిన తప్పు మొదటిదాన్ని రెండవదానిగా చూడడం. కొడుకును ఆపడం అతని చేతిలో ఉన్నది. దానిని విధి ఖాతాలో వేసినాడు.

సూక్తి పొట్టిగా ఎందుకు ఉంటుందో కూడా ఇక్కడ చూడాలి. దోహాకు రెండు పంక్తులు. ఒక్కొక్క పంక్తికి 24 మాత్రలు, 13 దగ్గర విరామం. ఒకటి రెండు ఊపిరులలో ముగిసిపోయే కొలత అది. ఆటవెలదికి నాలుగు పాదాలు. దుఃఖంలో ఉన్న మనిషి మనస్సు పెద్ద వాదాన్ని మోయలేదు. కారణాలను వరుసగా పేర్చి చూపే ఓపిక అప్పుడు ఉండదు. రెండు ఊపిరులలో పట్టే మాటను మాత్రం మోయగలదు. తిరగలి విసురుతూ, నాగలి పట్టి, రోగి మంచం ప్రక్కన మేలుకొని దానిని మళ్ళీ మళ్ళీ అనుకోవచ్చు. ఛందస్సు చేసే మేలు అలంకారంతో ఆగిపోదు. అది మాటను దారిబత్తెంగా మూటకట్టి ఇస్తుంది. ఆ మూటలో ఉన్నది కొంచెమే. ప్రయాణం అంతటికీ చాలదు. కాని ఆకలి వేసిన చోట ముడి విప్పుకొని తినడానికి అది చేతిలో ఉండడం ముఖ్యం.

కావున సూక్తిని చూచి నవ్వడమూ, సూక్తికి మొక్కడమూ రెండూ సరికావు. దానిని అడగవలసిన ప్రశ్నలు ఉన్నవి. ఇది ఎవరికి చెప్పుకొంటున్న మాట, నాకా ఇతరులకా? తనకు తాను చెప్పుకొనే మాటలో కాఠిన్యం ఉన్నా అది మందే. ఇతరులకు చెప్పేటప్పుడు అదే కాఠిన్యం దెబ్బ. ఇది నన్ను ఏదైనా చేయమంటున్నదా, లేక చేయవలసినది మరచిపొమ్మంటున్నదా? ఈ మాట పలికేటప్పుడు దాని భారంలో నా భుజం ఉన్నదా? ఈ ప్రశ్నలకు నిలిచిన మాట ఊరటను ఇస్తుంది. ఆ ఊరటను స్వీకరించడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మనిషి వివేకంతోనే బతకలేడు. కొంత ఊరట దొరికితేనే రేపటి వివేకం వరకు నిలబడగలడు.

పోయినవారితో మనం పోలేముగదా అన్న మాట ఈ దేశంలో చావు జరిగిన ప్రతి ఇంటిలోనూ వినిపిస్తుంది. దానికంటే అరిగిపోయిన మాట లేదు. గుమ్మం దగ్గర నిలబడి, చెప్పులు విడవకుండా ఆ మాట అని వెళ్ళిపోయేవారు ఉన్నారు. ఆ ఇంట పొయ్యి వెలగలేదని ఎరిగి, తన ఇంట వండినది తెచ్చి, ఏడ్చి సొమ్మసిల్లిన ఆమె ప్రక్కన చాలాసేపు మాట లేకుండా కూర్చొని, ముద్ద కలిపి చేతికి అందిస్తూ అదే మాట అనే పొరుగింటి ముసలమ్మ కూడా ఉన్నది. ఆమె ఇదివరకు తనవారిని సాగనంపినదే. వాక్యం రెండు చోట్లా అదే. ముసలమ్మ చెప్పినప్పుడు మాత్రం ఎదుటి మనిషి ఆ ముద్ద తీసుకొని తింటుంది.